సీసా మూత బిగించే ముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పులియబెట్టే పానీయాల మీదే. కొందరు ఇక్కడి వాళ్లు, కొందరు సీమ నుంచి వెళ్లి బయటి దేశాల్లో ఉంటున్నవాళ్లు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అల్లుడు పెర్త్‌లో ఉంటాడు. అక్కడ ఇంట్లోనే బీరు చేసుకుంటుంటాడు. ఈసారి వచ్చేటప్పుడు నాకోసం ఒక కిట్ తెస్తానంటుండాడు. అమ్మేకి కాదు, ఇంట్లో తాగేకే. చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: చేసుకోకూడదండీ. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. ఇంట్లోకే కదా, ఇరవై లీటర్లే కదా అంటే ఒప్పుకోరు. తయారీ కోసం సామగ్రి దగ్గర పెట్టుకున్నా కేసు పెట్టొచ్చు. ఆన్‌లైన్‌లో పీపా, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసును బయటికి వదిలి, బయటి గాలిని రానీయని బిరడా), ఈస్టు విడివిడిగా దొరుకుతున్నాయి కాబట్టి చేసుకోవచ్చేమో అని చాలామంది అనుకుంటున్నారు. వస్తువు అమ్మకానికి ఉన్నంత మాత్రాన దాంతో బీరు చేయడానికి అనుమతి వచ్చినట్టు కాదు.

మీ అల్లుడుగారి దగ్గర పరిస్థితి వేరు. బ్రిటన్‌లో ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదని 1963లోనే తేల్చేశారు. అమెరికాలో 1978లో చట్టం మార్చి, ఏడాదికి పెద్ద మనిషికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకన్నా ఎక్కువమంది పెద్దలున్న ఇంటికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా చేసుకోనిచ్చారు. అక్కడైనా అమ్మకూడదు. ఆస్ట్రేలియాలోనూ ఇంటి వాడకానికి బీరు కాచుకోవచ్చు. కాబట్టి కిట్‌ను పెర్త్‌లోనే ఉంచమనండి. మీరు అక్కడికి వెళ్లినప్పుడు ఇద్దరూ కలిసి కలపొచ్చు.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. మొదటి కిట్ కొన్నాను. డబ్బా మూత కింద ఉన్న కాగితంలో నాలుగు ముక్కలే రాశారు. కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: కూపర్స్ లాంటి మామూలు డబ్బాలో 1.7 కిలోల మాల్ట్ పాకం (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసింది) ఉంటుంది. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూల సారం అందులో ముందే కలిసి ఉంటుంది. దానికి కిలో చక్కెర, నీళ్లు కలిపి మొత్తం 23 లీటర్లు చేయాలి. మామూలు చక్కెర బదులు సగం డెక్స్‌ట్రోజు (గ్లూకోజు పొడి), సగం పొడి మాల్ట్ వాడితే బీరు పలచగా, నీళ్లనీళ్లగా అనిపించదు. ఆ నాలుగు డాలర్ల దగ్గర పొదుపు చేయొద్దు.

ముందు శుభ్రత. ఇందులో రెండు పనులున్నాయి: కడగడం వేరు, క్రిమిరహితం చేయడం వేరు. జిడ్డు, పాత నురుగు చార ఉన్నచోట ఏ శానిటైజరూ పనిచేయదు. పీపాను మెత్తటి గుడ్డతోనే తుడవండి. స్టీలు పీచుతో రుద్దితే గీతలు పడి, క్రిములు వాటిలో దాక్కుంటాయి. కొళాయిని మరతిప్పి ఊడదీసి లోపల కూడా కడగాలి. చాలామంది వదిలేసే చోటు ఇదే. ఆ తర్వాత స్టార్ శాన్ లాంటి శానిటైజర్ లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీలీటర్ల లెక్కన కలిపి అన్నింటికీ తగలనివ్వండి. మిగిలిన నురుగును కడిగేయక్కర్లేదు.

డబ్బాను పది నిమిషాలు వేడినీళ్లలో ఉంచితే పాకం జారుతుంది. పీపాలో రెండు లీటర్ల మరిగిన నీళ్లు పోసి, పాకం, చక్కెర వేసి పూర్తిగా కరిగే దాకా తిప్పండి. అడుగున ముద్ద మిగిలితే ఆ తర్వాత తీసే రీడింగు అబద్ధం చెబుతుంది. చల్లనీళ్లతో 23 లీటర్లకు నింపి, ఉష్ణోగ్రత 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉందో లేదో చూసి ఈస్టు చల్లండి. వేడిగా ఉండగానే చల్లితే ఈస్టు చచ్చిపోతుంది. ఈస్టు వేయకముందే హైడ్రోమీటర్ (ద్రవంలో తేలుతూ, అది నీళ్లకన్నా ఎంత చిక్కనో చూపే గాజు పరికరం) రీడింగు రాసి పెట్టుకోండి. సుమారు 1.040 ఉంటుంది. చివర్లో 1.010కి దిగితే, తేడా 0.030ను 131తో గుణించండి. దాదాపు 3.9 శాతం ఆల్కహాల్ అన్నమాట.

రెండు రోజుల తేడాతో తీసిన రీడింగులు ఒకటిగా ఉంటేనే సీసాల్లోకి దించండి. సీసాలో గ్యాసు పుట్టడానికి లీటరుకు 8 గ్రాముల చక్కెర చాలు, 750 మిల్లీలీటర్ల సీసాకు 6 గ్రాములు. ఇంకో అర చెంచా వేస్తే ఇంకా బాగుంటుందనే ఆలోచన వద్దు. గోధుమరంగు సీసాలే వాడండి. తెల్లటి సీసాలో హాప్స్ మీద ఎండ పడితే ముక్కు మూసుకునే వాసన వస్తుంది. గది వేడిలో రెండు వారాలు ఉంచి, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి.

ప్రశ్న: మాది ఆదోని, ఉండేది డల్లాస్‌లో. గ్యారేజీలో పెట్టిన పీపాలో మూడో రోజుకే ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగిపోయాయి. మూత తీసి కలిపి, మళ్లీ ఈస్టు వేయాలా?

జవాబు: రెండూ వద్దు. బుడగలు ఆగడానికి కారణాలు మూడు. మూత అంచు సరిగ్గా పట్టకపోతే గ్యాసు పక్కనుంచి పోతుంది, ఎయిర్‌లాక్ కదలదు. లేదా పులియడం చాలా వరకు అయిపోయి ఉంటుంది, ఎండాకాలం గ్యారేజీలో మూడు రోజులకే అయిపోవడం వింత కాదు. లేదా ఈస్టు మధ్యలో నిలిచిపోయి ఉంటుంది. ఈ మూడింటిలో ఏదో తేల్చేది హైడ్రోమీటర్ ఒక్కటే. కొళాయి నుంచి పొడవాటి గాజు జార్‌లోకి కొంచెం పట్టి, హైడ్రోమీటర్‌ను ఒకసారి గిర్రున తిప్పి వదలండి, అంటుకున్న బుడగలు రాలిపోతాయి. చూశాక ఆ బీరును మళ్లీ పీపాలో పోయకండి. చాలా హైడ్రోమీటర్లు 20 డిగ్రీలకు సరిచేసినవి. 35 డిగ్రీల ద్రవంలో పెడితే అసలు కన్నా 0.004 తక్కువ చూపిస్తుంది, అది కలుపుకోవాలి. 1.012 కన్నా కిందికి వచ్చి ఉంటే దిగులు లేదు. 1.020 దగ్గర ఆగితే పీపాను 20, 21 డిగ్రీల దగ్గరికి తెచ్చి, మూత తీయకుండా మెల్లగా ఊపండి. తీసి గరిటెతో కలిపితే గాలి కలిసి తడిసిన అట్టముక్క రుచి వస్తుంది.

మీ అసలు సమస్య గ్యారేజీ. పులిసేటప్పుడు పీపా లోపల గది కన్నా మూడు నుంచి ఐదు డిగ్రీల వేడి ఎక్కువ ఉంటుంది. గది 30 అంటే ఈస్టు 34లో పనిచేస్తున్నట్టు. అలా చేసిన బీరులో గోళ్ల రంగు తుడిచే మందు వాసన వస్తుంది, నిలవ పెట్టినా పోదు. నీళ్లకుండకు తడిగుడ్డ చుట్టే పద్ధతి మీకు తెలిసిందే కదా, పీపాకూ అదే చేయండి. పెద్ద టబ్బులో సగం ఎత్తు దాకా నీళ్లు పోసి పీపాను అందులో నిలబెట్టండి. పాత టీషర్టు తొడిగి దాని అంచు నీళ్లలో మునిగేలా వదిలి, ఫ్యాను పెట్టండి. పొద్దున, సాయంత్రం గడ్డకట్టిన నీళ్ల సీసాలు రెండేసి మారుస్తుండండి. గాలి పొడిగా ఉన్న రోజుల్లో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. హ్యూస్టన్‌లో మీ స్నేహితులు ఎవరైనా ఇదే చేస్తామంటే, అక్కడి ఉక్కపోతలో గుడ్డ ఆరదు కాబట్టి ఐసు సీసాల మీదే ఆధారపడాలని చెప్పండి. మొదటి మూడు రోజులు చల్లగా ఉంచగలిగితే ఆ తర్వాత ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా పెద్ద నష్టం లేదు.

ప్రశ్న: ఇంట్లో చేసిన బీరు తాగితే కల్తీ సారా తాగినట్టు చూపు పోతుందంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఎమ్మిగనూరు. మా తమ్ముడు లండన్‌లో చేస్తున్నాడు, అందుకే అడుగుతున్నాను.

జవాబు: బీరుతో ఆ భయం లేదమ్మా. చూపు పోగొట్టేది మిథైల్ ఆల్కహాల్. అది పండ్లలోని పెక్టిన్ నుంచి కొంచెంగా పుడుతుంది, బార్లీ మాల్ట్ నుంచి వచ్చేది లెక్కలోకి రానంత తక్కువ. పైగా బీరును కాచి ఆవిరి పట్టరు కాబట్టి అది ఒకచోట చేరి చిక్కబడదు. కల్తీ సారా చావులకు ముఖ్య కారణం ఫ్యాక్టరీల్లో వాడే మిథైల్ ఆల్కహాల్‌ను అందులో కలపడం. బీరు చెడిపోతే పుల్లగా, వెనిగర్ కంపు కొడుతుంది, అప్పుడు పారబోయడమే. మీ తమ్ముణ్ని అడగాల్సింది సీసాల్లో ఎంత చక్కెర వేస్తున్నాడని.

ప్రశ్న: లీటరుకు వంద గ్రాముల చక్కెర, అల్లం, చిటికెడు ఈస్టు వేసి అల్లం బీరు చేసినాము. పాత స్క్వాష్ సీసాల్లో పోసి బిర్రుగా బిగించి వంటింట్లో పెట్టినాము. రెండో రోజు రాత్రి రెండు సీసాలు పగిలి పెంకులు గోడ దాకా పోయినాయి. ఏం తప్పు జరిగింది?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: ముందు మిగిలిన సీసాల సంగతి. వాటిని చేత్తో ఎత్తకండి. తడి గోనెసంచి కప్పి, చల్లనీళ్లతో తడుపుతూ కొన్ని గంటలు చల్లబడనివ్వండి. కళ్లకు అద్దాలు, చేతులకు మందపాటి గుడ్డ ఉంటేనే, గోనె పైనుంచే మూతను కొంచెం కొంచెంగా సడలించండి. పిల్లల్ని ఆ గదిలోకి రానీయొద్దు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక గ్రాము చక్కెర పులిస్తే దాదాపు అర గ్రాము కార్బన్ డయాక్సైడ్, అర గ్రాము ఆల్కహాల్ వస్తాయి. మామూలు బీరు సీసాలో లీటరుకు ఐదు గ్రాముల గ్యాసు ఉంటుంది. మీ వంద గ్రాములూ పులిస్తే యాభై, అంటే పది రెట్లు. ఏ గాజు సీసా అయినా అంతకు ముందే పగులుతుంది. స్క్వాష్ సీసాను అసలు గ్యాసు ఒత్తిడికి తయారు చేయరు. బీరు కిట్‌లో చక్కెరంతా పీపాలోనే పులిసిపోయాక సీసాకు 6 గ్రాములు కొలిచి వేస్తారు. అల్లం బీరులో తీపి మిగలాలి కాబట్టి మధ్యలోనే ఆపాలి, ఆపగలిగేది చలి ఒక్కటే.

కూల్‌డ్రింకు వచ్చిన రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా తీసుకోండి, అడుగున బుడిపెలున్న రకం. మంచినీళ్ల సీసా పనికిరాదు. 60 గ్రాముల తురిమిన అల్లం, 150 గ్రాముల చక్కెర లీటరు నీళ్లలో పది నిమిషాలు మరిగించి వడగట్టండి. గోరువెచ్చగా అయ్యాక రెండు నిమ్మకాయల రసం, టీ చెంచాలో ఎనిమిదో వంతు బేకరీ ఈస్టు కలిపి సీసాలో పోసి, పైన మూడు వేళ్ల ఖాళీ వదిలి చల్లనీళ్లతో నింపండి. మూత బిగించి ప్లాస్టిక్ బకెట్‌లో నిలబెట్టండి. 25 డిగ్రీల్లో ఒకటి రెండు రోజులు పట్టే పని తాడిపత్రి ఎండల్లో ఒక్క రాత్రిలో అవుతుంది. ఆరో గంట నుంచే బొటనవేలితో నొక్కి చూస్తుండండి. వేలు దిగడం లేదంటే వెంటనే ఫ్రిజ్‌లోకి. ఫ్రిజ్‌లో ఈస్టు నెమ్మదిస్తుంది, చావదు. మూడు నాలుగు రోజుల్లో తాగేయాలి, రోజుకోసారి మూత సడలించాలి. కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగితే ముందు ఆ సీసానే చూసుకోండి.

ఇంకో మాట. గ్యాసు బాగా పట్టేసరికి ఇందులోనూ ముప్పావు శాతం దాకా ఆల్కహాల్ చేరుతుంది. పిల్లలకు ఇవ్వాలన్నా, అసలే వద్దనుకునే ఇళ్లలోనైనా ఈస్టు మానేసి, అల్లం పాకాన్ని చిక్కగా కాచుకుని సోడాలో కలుపుకోండి.

ప్రశ్న: చక్కెర బదులు బెల్లం వాడొచ్చా? బోరు నీళ్లు కాచితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, పులివెందుల

జవాబు: అల్లం పాకానికి బెల్లం బాగుంటుంది. కరిగించి వడగడితే ఇసుక, పీచు పోతాయి. తీపి చక్కెర కన్నా కాస్త తక్కువ కాబట్టి 170 గ్రాములు వేసుకోండి. అయితే ఈస్టు వేసిన బెల్లం నీళ్లు బిందెలకొద్దీ పెట్టుకున్నారంటే, చూసేవాళ్లకు అది సారా కాచే బెల్లం ఊటే. రెండు లీటర్లు దాటొద్దు.

బోరు నీళ్లు కాచితే సున్నం కొంత తెల్లగా అడుగున దిగుతుంది, ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో ఆర్‌వో నీళ్లే వాడండి. మున్సిపల్ కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి మూత లేకుండా కాచి చల్లార్చండి, లేదంటే పానీయానికి ఆసుపత్రి వాసన పడుతుంది.