రెండడుగుల తొట్టెలో వేట చేపలా?

ప్రశ్న: మాది కైకలూరు ప్రాంతం. చేపల చెరువులు చేస్తున్నాం. వేటాడే చేపల్ని ఇంట్లో పెంచాలని మా అబ్బాయికి సరదా. రెండడుగుల అక్వేరియం కొన్నాం. షాపులో ఆస్కార్, అరోవానా, అలిగేటర్ గార్, పిరానా పిల్లలు చూపించారు. వీటిలో ఏవి మంచివి? పెద్దవయ్యాక మా చెరువులో వదిలేయవచ్చా?

సమాధానం: ఆ నాలుగూ మీ తొట్టెకు పనికిరావు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెను అంచుదాకా నింపినా పట్టేది 56 లీటర్లే. గులకరాళ్లు వేసి, పైన కాస్త ఖాళీ వదిలితే సుమారు 45 లీటర్లు మిగులుతాయి. షాపులో అన్నీ వేలెడంత పిల్లలే కాబట్టి ముద్దొస్తాయి. ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది, తిన్నదానికి తగ్గట్టే నీళ్లూ పాడుచేస్తుంది. సిల్వర్ అరోవానా మూడడుగుల చేప. అమెరికా నదుల్లో ఉండే అలిగేటర్ గార్ ఆరడుగులు దాటుతుంది.

పిరానా సంగతి మీకే బాగా తెలియాలి. ఎర్ర పొట్ట పిరానా అని అమ్మేవి చాలాసార్లు మన రూప్‌చంద్ పిల్లలే. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. నోరు తెరిచి చూడండి. పిరానాకు రంపంలా మొనదేలిన పళ్లుంటాయి, రూప్‌చంద్‌కు గింజలు నమిలే బల్లపరుపు పళ్లుంటాయి. మీ చెరువులో కిలో తూగే చేపను డబ్బులిచ్చి తొట్టెలోకి తెచ్చుకోవడం ఎందుకు?

నన్నడిగితే కొర్రమీను కుటుంబంలోనే చిన్నదైన చన్నా గచువాను ఎంచుకోండి. ఒక్కటే చాలు. కొర్రమీను పిల్లనో, కాలువలో దొరికే మట్టగిడసనో వేయకండి, అవి ఈ తొట్టెకు పెద్దవి. గచువా తొట్టెల్లో సాధారణంగా జానెడు లోపే ఉంటుంది. దాని పక్క రెక్కల మీద నల్లటి చారలు వరుసగా ఉంటాయి, వీపు రెక్క అంచు లేత నారింజ రంగులో ఉంటుంది. మొక్కల చాటున కదలకుండా పొంచి ఉండి, వానపాము ముక్క కనబడగానే ఒక్క ఉదుటున అందుకుంటుంది. మీవాడు కోరుకునే వేట అదే. మన దగ్గర దానికి హీటర్ అక్కర్లేదు.

ఇంకా చిన్నది కావాలంటే కేరళ వైపు దొరికే బఠానీ పఫర్ ఉంది. అంగుళానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది కానీ నత్తల్ని వెంటాడి తింటుంది. వేరే చేపల రెక్కలు కొరుకుతుంది కాబట్టి దాన్ని విడిగానే ఉంచాలి. నదుల్లో సహజంగా ఉండే సంతతి తగ్గిపోతోంది, అందుకని తొట్టెల్లో పుట్టినవే అడిగి కొనండి.

గచువాకు గాలి పీల్చే అలవాటుంది. నీటికీ మూతకీ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ వదలండి. మూత మాత్రం గట్టిగా ఉండాలి. ఫిల్టర్ పైపు పోయే సందులో స్పాంజి కుక్కండి, అంత చిన్న సందులోంచి కూడా దూకేస్తుంది. పొద్దున్నే నేలమీద ఎండిపోయిన చేపను చూపించి "రోగమా సార్?" అని అడిగేవాళ్లు చాలామంది.

తొట్టె నింపిన రోజే చేపను వేయకండి. ఫిల్టర్‌లో మేలు చేసే బ్యాక్టీరియా పెరగడానికి నాలుగైదు వారాలు పడుతుంది. చెరువు నీటికి మీరు వాడే అమోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్లే ఇక్కడా సరిపోతాయి. చేపకు విషమైన ఈ రెండూ సున్నా వచ్చాకే చేప. ఆ తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయే మందు వేయండి.

మేతగా వానపాములు, దోమ పిల్లలు, పొట్టు తీసిన రొయ్య ముక్కలు పెట్టండి. కోడి మాంసం, మటన్ వద్దు, ఆ కొవ్వు చేపకు పడదు. బతికిన చిన్న చేపలు వేస్తే రోగాలు కూడా వాటితోపాటే వస్తాయి. పెద్ద చేపకు రోజు విడిచి రోజు మేత చాలు. పది నిమిషాల్లో తినంది తీసేయండి.

చెరువులో వదలడం మాత్రం వద్దే వద్దు. అలిగేటర్ గార్ మీ బొచ్చె, శీలావతి పిల్లల్నే మేస్తుంది. గండి పడితే కాలువకూ, అక్కణ్నుంచి కొల్లేటికీ పోతుంది. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో ఈ గార్ దొరికింది. తొట్టె శుభ్రం చేస్తుందని షాపువాళ్లు అంటగట్టే సక్కర్ చేపదీ ఇదే కథ, మన చెరువుల్లో వలలు చింపుతున్నది అదే. ఇప్పటికే ఏదైనా కొనేసి ఉంటే షాపుకే తిరిగి ఇచ్చేయండి. వాళ్లు తీసుకోకపోతే పెద్ద తొట్టె ఉన్నవాళ్లెవరికైనా ఇవ్వండి.