టెక్ సందేహాలు: డిస్నీ టికెట్‌కు ఇన్‌కాగ్నిటో పనిచేస్తుందా?

ప్రశ్న: మేం అమెరికాలో షార్లెట్‌లో ఉంటాం. వచ్చే వేసవిలో గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు రెండున్నర. అందరం ఆర్లాండో డిస్నీ వరల్డ్‌కు వెళ్దామనుకుంటున్నాం. ఇన్‌కాగ్నిటోలో వెతికితే టికెట్లు, హోటళ్లు చవగ్గా వస్తాయని ఫ్రెండ్ చెప్పాడు. నిజమేనా?

ఇన్‌కాగ్నిటోతో ఇక్కడ పనేం లేదండి. అది బ్రౌజర్‌లో ఒక మోడ్, మీరు చూసినవి మీ ఫోన్‌లో మిగలకుండా చేస్తుంది, అంతే. డిస్నీ వరల్డ్ టికెట్ ధర తేదీని బట్టి ఉంటుంది, మీరు ఏ బ్రౌజర్‌లో చూసినా అదే రేటు. హోటల్ బుకింగ్ సైట్లలో అయితే ఇన్‌కాగ్నిటో వల్ల నష్టం కూడా ఉండొచ్చు, ఎందుకంటే చాలా సైట్లు లాగిన్ అయిన వాళ్లకే మెంబర్ రేటు, యాప్‌లో చూసేవాళ్లకే మొబైల్ రేటు చూపిస్తాయి, లాగౌట్ అయి దొంగచాటుగా చూస్తే ఆ తగ్గింపు మీకు కనపడనే కనపడదు.

కాబట్టి ముందు డిస్నీ సైట్‌లో టికెట్ క్యాలెండర్ తెరవండి. ఆగస్టు రెండో వారంలో ఆర్లాండోలో బడులు మొదలవుతాయి, ఆ తర్వాత రేట్లు సాధారణంగా దిగుతాయి. మీ బాబు స్కూలు ఎప్పుడు తెరుస్తారో చూసుకుని ఆ సందులో దూరగలరేమో చూడండి. గుంటూరు ఎండ చూసిన పెద్దవాళ్లకు ఆర్లాండో ఎండ ఒక లెక్క కాదు గానీ, మధ్యాహ్నం ఉన్నట్టుండి కురిసే వానకు గొడుగులు ఉండాలి.

తర్వాత పిల్లల వయసు. మూడేళ్లు నిండని వాళ్లకు టికెట్ అక్కర్లేదు, మూడు నుంచి తొమ్మిది వరకు పిల్లల టికెట్, పది నిండితే పెద్దల టికెట్టే. లెక్క బుక్ చేసిన రోజుది కాదు, పార్కుకు వెళ్లే రోజుది. పాపకు మూడు నిండేలోపు వెళ్తే ఆరుగురికి అయిదు టికెట్లతో సరిపోతుంది, మూడు నిండిన మర్నాడు వెళ్తే ఆరు కొనాలి. ఒకే రోజు రెండు మూడు పార్కులు తిప్పే హాపర్ మాత్రం వద్దు. అమ్మానాన్నలతో, స్ట్రోలర్‌తో సాయంత్రం పార్కు మారే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి?

హోటల్ సంగతి. డిస్నీ సొంత హోటళ్లలో రిసార్ట్ ఫీజు ఉండదు, అక్కడ దిగిన వాళ్లకు పార్కుల్లో మామూలు పార్కింగ్ ఫ్రీ, బయటి వాళ్లు రోజూ డబ్బు కట్టాలి. అయినా మీ కుటుంబానికి నేను బయటి ఇల్లే చెబుతాను, ఎందుకంటే డిస్నీ హోటళ్లలో చవక గదులు ఎక్కువగా నలుగురికే, మీకు రెండు తీసుకోవాల్సి వస్తుంది, అదే డిస్నీ పక్కనున్న కిసిమీ ఊరి వైపు వంటగది ఉన్న అద్దె ఇల్లయితే అందరూ ఒకచోట ఉంటారు, అమ్మ పొద్దున్నే పులిహోర కలిపేస్తారు. బయటి తిండిని డిస్నీ పార్కుల్లోకి రానిస్తారు, గాజు సీసాలు మాత్రం కుదరదు, ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో సర్దండి.

2025 మే నుంచి అమెరికాలో హోటళ్లు, అద్దె ఇళ్లు తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తాన్నే ముందు చూపించాలన్న రూల్ వచ్చింది. క్లీనింగ్ ఫీజు చివర్లో ఎక్కిస్తే ఆ సైట్ వదిలేయండి. క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి వచ్చే బుకింగే తీసుకోండి, ఫోన్‌లో రెండు వారాలకోసారి రిమైండర్ పెట్టుకుని అదే ఇల్లు, అవే తేదీలు మళ్లీ చూడండి, తగ్గితే కొత్తది బుక్ చేశాకే పాతది తీసేయండి. నేను ఓసారి తొందరపడి పాతది ముందు తీసేసి, కొత్త రేటు కళ్లముందే మాయమవుతుంటే చూస్తూ కూర్చున్నాను.

ప్రశ్న: మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన నాలుగు రోజుల డిస్నీ టికెట్‌లో రెండు రోజులు మిగిలాయని సగం ధరకు ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. ఆ టికెట్ ఇంకొకరికి బదిలీ కాదు. మొదటిసారి వాడినప్పుడే గేటు దగ్గర వేలు స్కాన్ చేసి టికెట్‌కు ముడిపెడతారు, మీ వేలు పెడితే సరిపోదు. ఆయన మంచివారే అయ్యుండొచ్చు, గేటు దగ్గర నిలబడేది మాత్రం మీరు.