బ్రెడ్, మఫిన్ మానలేకపోతున్నా... బాదం పిండితో చేసుకుంటే మంచిదేనా?

ప్రశ్న: నా వయసు 43. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 76 కిలోలు. ఈమధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1 వచ్చింది. షుగర్ అంచున ఉన్నానని, అన్నం, బ్రెడ్ తగ్గించమని చెప్పారు. అన్నం ఎలాగో తగ్గించాను. పొద్దున టోస్టు, సాయంత్రం టీతో మఫిన్ లేకపోతే మాత్రం తోచడం లేదు. బాదం పిండితో, అవిసె గింజలతో రెండు నిమిషాల్లో బ్రెడ్, మఫిన్ చేసుకోవచ్చని వీడియోల్లో చూస్తున్నాను. అవి నిజంగా మంచివేనా? నేను థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. మావారికి షుగర్ ఉంది, గ్లిమిపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు. ఆయన కూడా తినొచ్చా?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: మీరు తినొచ్చు. మీవారి సంగతిలో మాత్రం ఒక మెలిక ఉంది, అది ముందే చెబుతాను. గ్లిమిపిరైడ్ మనం ఏం తిన్నామన్నది పెద్దగా చూడదు, ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. మాత్ర ఎప్పటిలాగే వేసుకుని, పిండిపదార్థం దాదాపు లేని టిఫిన్ తింటే, పది పదకొండు గంటలకల్లా చెమటలు పట్టి, చేతులు వణికి, షుగర్ పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్‌తో చిక్కు వేరు. కార్బ్స్ (పిండిపదార్థాలు) బాగా తగ్గించేసినప్పుడు ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. అప్పుడు గ్లూకోమీటర్‌లో షుగర్ మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు, అందుకే చాలామంది మోసపోతారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మీ ప్లేట్లోంచి ఒక ముక్క రుచి చూస్తే ఏమీ కాదు. రోజూ టిఫిన్‌గా మార్చుకోవాలంటే మాత్రం ఆయన డాక్టర్‌తో మాట్లాడి, మందుల సంగతి తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి.

ఇక మీ టోస్టు సంగతి. మామూలు బ్రెడ్ స్లైసు ఒకటి 25 నుంచి 30 గ్రాములుంటుంది, అందులో సగం పిండిపదార్థమే. బ్రౌన్ బ్రెడ్‌కి మారిపోయాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. ఎక్కువ బరువున్న పదార్థాన్నే ముందు రాయాలన్నది నిబంధన. అక్కడ మొదట 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్' అని ఉంటే అది మైదా బ్రెడ్డే, రంగు ఏదైనా సరే. రాగి, జొన్న బ్రెడ్డులకూ ఇప్పుడు గిరాకీ బాగుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల్లో గోధుమపిండిలో వంద గ్రాములకు 64 గ్రాముల పిండిపదార్థం ఉంటే, రాగిలో, జొన్నలో 67 గ్రాములకు అటూఇటూగా ఉంది. రాగిలో కాల్షియం ఉంది, జొన్నలో పీచు ఉంది, తినండి. లో కార్బ్ అనుకుని మాత్రం తినకండి.

వీడియోల్లో చూపించే బాదం బ్రెడ్ నిజంగానే తేలిక. మూడు టేబుల్‌స్పూన్ల బాదం పిండి, ఒక గుడ్డు, టీస్పూన్ నెయ్యి, పావు టీస్పూన్ బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కప్పులో వేసి ఉండలు లేకుండా గిలక్కొట్టి, మైక్రోవేవ్‌లో 90 సెకన్లు పెడితే పొంగి గట్టిపడుతుంది. అలాగే తింటే స్పాంజిలా, కాస్త నీసు వాసనతో ఉంటుంది. మొదటిరోజే చాలామంది విసుగెత్తి మానేసేది ఇక్కడే. కప్పు బోర్లించి, రెండు ముక్కలుగా కోసి, పెనం మీద రెండువైపులా ఎర్రగా కాల్చండి. కొంచెం మిరియాల పొడి, వాము వేస్తే ఆ వాసన దాదాపు పోతుంది. బాదం పిండి కొనాలంటే ఖరీదు ఎక్కువ. ఇంట్లో చేసుకుంటే మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది.

ఇప్పుడు వీడియోల్లో చెప్పని లెక్క చూడండి. ఈ బ్రెడ్‌లో పిండిపదార్థం పీచుతో కలిపి 5 గ్రాములే, రెండు మామూలు స్లైసుల్లో 25 గ్రాములకు పైనే. కానీ క్యాలరీలు? రెండు స్లైసుల్లో 150 దాకా ఉంటే దీంట్లో 250 దాకా ఉంటాయి. బాదంలో సగం కొవ్వే మరి. మేలు ఏమిటంటే దీంట్లో ప్రొటీన్ 11 గ్రాముల వరకు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. అంటే టిఫిన్ బదులు తింటేనే లాభం. ఉప్మా తిని, దానిమీద 'డైట్ బ్రెడ్' కూడా తింటే బరువు పెరుగుతారే తప్ప తగ్గరు. మీ ఎత్తుకు 76 కిలోలంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 30 దాటింది, కాబట్టి ఈ లెక్క మీకు చాలా ముఖ్యం.

సాయంత్రం మఫిన్ బదులు అవిసె గింజలది మంచిదే. గింజల్ని దోరగా వేయించి పొడి చేసి, నాలుగు టేబుల్‌స్పూన్ల పొడికి ఒక గుడ్డు, అర టీస్పూన్ బేకింగ్ పౌడర్, యాలకుల పొడి, రెండు చెంచాల నీళ్లు కలిపి, ఒక నిమిషం మైక్రోవేవ్‌లో పెట్టండి. అవిసెలో ఉన్న కార్బ్స్‌లో అత్యధిక భాగం పీచే. అలవాటు లేని కడుపుకు అంత పీచు ఒక్కసారిగా పడితే ఉబ్బరం ఖాయం. మొదటి వారం సగం కొలతతో చేసుకుని, నీళ్లు బాగా తాగండి. ఒకేసారి ఎక్కువ పొడి చేసి డబ్బాలో పోస్తే త్వరగా ముక్కవాసన వస్తుంది, నాలుగు రోజులకు సరిపడా చేసుకుంటే చాలు. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు రోజూ అవిసె తినేముందు డాక్టర్‌ని అడగాలి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు బాదం పిండిని రోజూ వాడకపోవడం మంచిది.

అవిసె మఫిన్‌ను సాయంత్రానికే ఉంచమనడానికి మీ థైరాయిడ్ మాత్ర కూడా కారణం. పీచు ఎక్కువున్న తిండి, ఇసబ్‌గోల్ లాంటివి ఆ మందును ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు. పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుని, గంట ఆగి బాదం బ్రెడ్ తినండి. కాఫీకీ అదే గంట.

తీపి కోసం తేనె, బెల్లం, ఖర్జూరం, అరటిపండు వేసి 'షుగర్ ఫ్రీ' అనడం ఓ ఫ్యాషన్ అయింది. షుగర్ పెరగడానికి అవీ చాలు. చక్కెరకు బదులు వాడే మాల్టిటాల్ వేసిన బిస్కెట్లు, కేకులూ కొంత పెంచుతాయి, పైగా ఎక్కువ తింటే విరేచనాలు. స్టీవియా కొద్దిగా వేసుకుంటే తప్పులేదు కానీ, బరువు తగ్గడానికి ఇలాంటి స్వీటెనర్లను నమ్ముకోవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నేనైతే తీపిని వారానికి కాస్త చొప్పున తగ్గించుకుంటూ పొమ్మంటాను.

గుడ్డు తినని రోజుల్లో ఏం చేయాలని అడుగుతారేమో. గుడ్డు లేకుండా బాదం పిండి నిలబడదు, ఇసబ్‌గోల్ కలిపి చేసేవి రెండు నిమిషాల్లో అయ్యేవీ కావు. నా ఓటు పెసరట్టుకే. 30 గ్రాముల పెసలతో వేసిన ఒక అట్టులో పిండిపదార్థం 14 గ్రాములు, పీచు 5, ప్రొటీన్ దాదాపు 7 గ్రాములు. రెండు తిన్నా మీ రెండు టోస్టులంతే కార్బ్స్, పీచూ ప్రొటీనూ అంతకన్నా ఎక్కువ. పిండిలో బియ్యం కలపకండి, మధ్యలో ఉప్మా పెట్టకండి. అల్లం పచ్చడిలో బెల్లం ఎంత వేస్తున్నారో కూడా చూసుకోండి.

మూడు నెలలు ఇలా తిన్నాక హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. తిండిలో పీచు ఇంతగా మారినప్పుడు థైరాయిడ్ మోతాదు సరిపోతుందో లేదో తెలియాలి కాబట్టి, అదే రక్తంతో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా చూడమనండి.