జీడిమామిడి పిందె నల్లబడి రాలిపోతోంది, మంచు వల్లేనా?

కాదండీ. పూత మాడితే మంచు, పిందె రాలితే మంచు, కాయ మీద మచ్చ పడితే మంచు అనడం మా ఇంట్లోనూ ఉంది. మీ తోటలో ఉన్నది తేయాకు దోమ, నన్నడిగితే సందేహమే లేదు. పేరుకే దోమ గానీ అది రసం పీల్చే నల్లి జాతి పురుగు.

మా బాబాయి ఒక పట్టాన నమ్మడు. ఓ పూత కాలంలో ఎండెక్కకముందే ఆయన్ని తోటలోకి లాక్కుపోయి, గుత్తిని ముట్టుకోకుండా చూపించాను. ఎర్రటి సన్నటి ఒళ్లు, నల్లటి తల, పొడుగు కాళ్లు, వీపు మీద గుండుసూదిలా నిలబడ్డ చిన్న ముల్లు. బఠాణీ గింజంత పిందెలోకి ముక్కు దించి తాగుతోంది. కొమ్మ కదలగానే తుర్రుమంది. అది గుచ్చిన చోట నీళ్లలో నానినట్టు మచ్చ. ఆ గుత్తికి ఎర్ర దారం కట్టి వచ్చాం. మర్నాటికి మచ్చ గోధుమ రంగు, ఆ తర్వాత నలుపు. చివరికి పిందె ముడుచుకుని రాలిపోయింది. బాబాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని, "మంచు కూడా తోడయ్యుంటుందిరా" అన్నాడు!

అది తాగే రసం ఎంతనీ? గుచ్చినప్పుడు వదిలే లాలాజలంలోనే ఉంది విషమంతా. చుట్టూ ఉన్న కణజాలం చచ్చిపోతుంది, ఆ గాయంలోంచి శిలీంధ్రం దూరుతుంది. మందుల షాపువాళ్లు నలుపు చూసి తెగులు మందు చేతిలో పెడతారు. పురుగు చెట్టు మీదే ఉంటుంది, డబ్బు పోతుంది. కాయ ముదిరాక కుడితే రాలదు గానీ గజ్జి పట్టినట్టు మచ్చలు మిగులుతాయి. బాదం, పిస్తా తోటల్లో కాళ్లు వెడల్పుగా ఉండే నల్లులూ ఇదే పని చేస్తాయి. పెంకు గట్టిపడకముందు కుడితే కాయ రాలుతుంది, తర్వాతైతే పప్పు చెడుతుంది.

మందు కొట్టాలంటే చిగురు వేసేటప్పుడు, పూగుత్తి బయటికొచ్చేటప్పుడు, పిందె కట్టేటప్పుడు. అదీ పురుగు కనిపిస్తేనే. మిట్టమధ్యాహ్నం పూల మీద తేనెటీగలు తిరుగుతుంటే పంపు భుజాన వేసుకొచ్చే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తేనెటీగ చస్తే ఇక పిందెలెక్కడివి?

ఇంకో దారుణం, ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమల్ని తగలబెట్టడం. ఈ పురుగుని పట్టి తినేవే అవి. కుడతాయి, నిజమే, కాయలేరే రోజుల్లో నరకమే. అయినా గూళ్లున్న చెట్టుకీ లేని చెట్టుకీ కాపులో తేడా నేను కళ్లారా చూశాను. మీ గట్టు మీద వేప, జామ ఉంటే వాటి లేత చిగుళ్లు కూడా తిప్పి చూడండి, అదక్కడా బతుకుతుంది.