మీ 13,000 బొబ్బిలిలో ఉండి ఉండొచ్చు

ప్రశ్న: మాది విశాఖ గోపాలపట్నం. మా ఆయనకు సొంత ఆటో ఉంది, నేను ఇంటి దగ్గర బ్లౌజులు కుడతాను. బియ్యం కార్డు ఉంది. బాబు మూడో తరగతి. రెండో కాన్పులో పాప పుట్టి నాలుగు నెలలు కావస్తోంది. కిందటేడాది మా వీధిలో అందరికీ తల్లికి వందనం (చదువుకునే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు) పడింది, నాకు పడలేదు. బ్యాంకులో అడిగితే ఆధార్ లింకై ఉందన్నారు. పెళ్లికి ముందు బొబ్బిలిలో కన్నవారింట ఉన్నప్పుడు ఉపాధి హామీ పనికి వెళ్లేదాన్ని, అప్పటి ఖాతా ఒకటుంది కానీ వాడటం లేదు. పాపకు కూడా డబ్బు వస్తుందని, 1,500 ఇస్తే చేయిస్తానని తెలిసినాయన అంటున్నాడు. ఇవ్వమంటారా? వచ్చింది ఆడపిల్లల పొదుపు పథకం సుకన్యలో వేసేయమంటారా?

జవాబు: ఆ 1,500 ఎవరికీ ఇవ్వకండమ్మా. పాప కోసం పెట్టే దరఖాస్తుకు రూపాయి ఖర్చు లేదు. మీ వీధి అంగన్‌వాడీ టీచరో, ఆశా కార్యకర్తో చేసే పని అది.

ముందు బాబు డబ్బు సంగతి చూద్దాం. ఉపాధి హామీ ఖాతా గురించి మీరు మామూలుగా రాసేశారు గానీ, నేను అక్కడే ఆగిపోయాను. ప్రభుత్వం ఆధార్ నంబరు మీద వేసే డబ్బు మనం ఇచ్చిన ఖాతా నంబరుకు వెళ్లదు. ఆ ఆధార్‌ను ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర చివరిసారి ఏ బ్యాంకు నమోదు చేసిందో ఆ బ్యాంకుకే వెళుతుంది. గోపాలపట్నం బ్యాంకు వాళ్లు లింకై ఉందన్నది కేవైసీ, అంటే ఖాతాదారు గుర్తింపు సంగతి అయి ఉంటుంది. కేవైసీకి ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు ఈ ఖాతాకే రావాలని ఎన్‌పీసీఐలో నమోదు (సీడింగ్) చేయించడం వేరు. రెండో దానికి విడిగా సమ్మతి ఫారం మీద సంతకం పెట్టాలి. అది పెట్టకపోతే మీ ఆధార్ ఇంకా బొబ్బిలి ఖాతావైపే చూస్తూ ఉంటుంది.

ఇది మా ఇంట్లోనే జరిగింది. మా చెల్లెలు ఏడాదంతా సచివాలయం చుట్టూ తిరిగింది. చివరికి పెళ్లికి ముందు తీసిన పాస్‌బుక్కు పట్టుకుని ఊరెళ్లి, బ్యాంకు కౌంటరు దగ్గర ప్రింట్ వేయించింది. మూడేళ్లుగా ఖాళీగా ఉన్న పేజీలో కిందివైపు ఒక్క లైను: 13,000 జమ. ఆ కాగితం చూసి అక్కడే కూర్చుని ఏడ్చింది. ఎన్నిసార్లు అడిగినా పడలేదని చెప్పినవాళ్లే తప్ప, ఎక్కడ పడిందో చూడమన్నవాళ్లు లేరు.

మీ కుటుంబం అర్హతలో ఉందనే నా నమ్మకం. ప్రభుత్వం చూసేవి బియ్యం కార్డు, పట్టణంలో నెలకు 12,000 లోపు ఆదాయం, కరెంటు వాడకం ఏడాది సగటున నెలకు 300 యూనిట్లలోపు ఉండటం, ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లు లేకపోవడం లాంటివి. నాలుగు చక్రాల బండి ఉండకూడదన్న నిబంధన ఆటోకు వర్తించదు. అయినా సచివాలయానికి వెళ్లినప్పుడు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఎవరు ఏ కుటుంబంలో ఉన్నారో రాసుకున్న రికార్డులో, మీరెవరి ఇంట్లో ఉన్నారో చూపించమనండి. పేరు ఇంకా కన్నవారింట్లోనే ఉండిపోయి, అక్కడ తమ్ముడెవరైనా ఆదాయపు పన్ను కడుతుంటే మీ దరఖాస్తు ఆగిపోతుంది. ఇంటి యజమాని కరెంటు మీటరు మీ ఆధార్‌కు తగిలించి ఉన్నా అంతే. రెండూ సచివాలయంలోనే సరిచేస్తారు.

ఈ వారంలో ఇలా చేయండి. వాట్సాప్‌లో రాష్ట్ర ప్రభుత్వ సేవ అయిన మన మిత్రలో తల్లికి వందనం స్టేటస్ చూడండి. డబ్బు పంపినట్టు ఉంటే బొబ్బిలి వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయించండి. ఆధార్ ఏ బ్యాంకుకు సీడ్ అయి ఉందో మై ఆధార్ సైట్‌లో, మీ ఫోనుకు వచ్చే ఓటీపీతో కనిపిస్తుంది. తర్వాత గోపాలపట్నం బ్యాంకులో డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం) కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ చేయమని స్పష్టంగా చెప్పి ఫారం ఇవ్వండి. వాళ్లు తిప్పితే పోస్టాఫీసులో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా తీయండి. వేలిముద్రతో తీస్తారు, అక్కడే సీడింగ్ కూడా చేయించుకోవచ్చు. బడిలో బాబు రికార్డులో మీ ఆధార్ నంబరు సరిగ్గా ఉందో లేదో హెడ్‌మాస్టరు గారిని అడగండి. హాజరు 75 శాతం తగ్గకుండా చూసుకోండి. ఏడాదికి 15,000లో 2,000 బడి నిర్వహణకు పోతుంది, మీ చేతికొచ్చేది 13,000. ఇంట్లో ఎంతమంది చదువుకునే పిల్లలుంటే అందరికీ ఇస్తున్నారు కాబట్టి, పథకం ఇలాగే కొనసాగితే రేపు పాప ఒకటో తరగతిలో చేరాక తనకూ వస్తుంది.

ఇక పాప. ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి తల్లి ఖాతాలో వేస్తారు. గర్భంతో ఉన్నప్పుడే మీ పేరు నమోదై ఉండాలి, పాప జననం నమోదు కావాలి, మొదటి విడత టీకాలు పూర్తవ్వాలి. పుట్టిన 270 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. మీకింకా ఐదు నెలలు చేతిలో ఉంది, కానీ నాలుగో నెల అంటే 14 వారాల టీకా ఇప్పటికే పడి ఉండాలి. పడకపోతే దరఖాస్తు కంటే ముందు టీకాకే వెళ్లండి. ఆ మాతా శిశు సంరక్షణ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి జాగ్రత్త చేయండి. అందులోని ఆర్‌సీహెచ్ నంబరు (గర్భిణిగా మీ పేరు నమోదైన నంబరు), టీకా తేదీలే మీకు సాక్ష్యం. జనన ధ్రువపత్రంలో పాప పేరు ఖాళీగా ఉంటే ఏడాది నిండకముందే ఉచితంగా చేర్పించండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికైనా, ఆధార్‌కైనా ఆ కాగితమే అడుగుతారు. మీరు పాలిచ్చే తల్లి కాబట్టి అంగన్‌వాడీ నుంచి మీకు పోషకాహారం రావాలి, ఆరు నెలలు దాటాక పాపకు బాలామృతం వస్తుంది. అది కూడా డబ్బే, సిగ్గుపడకుండా అడిగి తీసుకోండి.

సుకన్య సమృద్ధి మంచి పథకం. ఇప్పుడు వడ్డీ 8.2 శాతం. 250తో పోస్టాఫీసులో తెరవొచ్చు, 15 ఏళ్లు కట్టాలి, తెరిచిన 21 ఏళ్లకు చేతికొస్తుంది. నెలకు 1,000 చొప్పున కడితే, వడ్డీ ఇలాగే ఉంటే, మీరు కట్టే 1,80,000 సుమారు 5.5 లక్షలవుతుంది. కానీ వచ్చిందంతా అందులో వేసేయకండి. పాపకు 18 ఏళ్లు నిండేదాకా, లేదా పదో తరగతి పూర్తయ్యేదాకా ఆ డబ్బు మామూలుగా తీయలేరు. ఆటో వారం రోజులు షెడ్డులో ఉంటే ఇల్లెలా గడుస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ వారం కోసం బంగారం కుదువ పెడితే పోయే వడ్డీ, సుకన్యలో వచ్చే వడ్డీని తినేస్తుంది. అందుకే మొదట పడే 6,000, 13,000 రెండూ మామూలు పొదుపు ఖాతాలో ముట్టకుండా ఉంచండి. సుకన్య ఖాతా మాత్రం 250తో ఇప్పుడే తెరిచేయండి. మీ కుట్టుపని డబ్బులోంచి నెలకు 300 అయినా, 500 అయినా వేస్తూ వెళ్లండి. వేసేది 5వ తేదీ లోపు వేయండి. 5 దాటితే ఆ నెల వేసినదానికి వడ్డీ లెక్కకు రాదు.