బిల్లులో "ఓక్ ఫినిష్" అని రాశారు, మరి ఓక్ అని తీసుకున్న డబ్బుల సంగతి?

ప్రశ్న: మేడమ్, కొండాపూర్‌లో ఫ్లాట్ తీసుకుని హాల్‌కి, రెండు బెడ్‌రూమ్‌లకి కలిపి 750 చదరపు అడుగుల ఇంజినీర్డ్ వుడ్ (ప్లైవుడ్ మీద అసలు చెక్క పొర అతికించిన పలకల) ఫ్లోరింగ్ వేయించాం. షోరూమ్‌లో శాంపిల్ చూపించి యూరోపియన్ ఓక్, మొత్తం 15 ఎంఎం, అందులో పైన 4 ఎంఎం అసలు ఓక్ అన్నారు, వాట్సాప్‌లో కూడా అదే పెట్టారు. అడుగుకి 520 చొప్పున 3,90,000 అయింది, వేసినందుకు ఇంకో 33,750 తీసుకున్నారు, వేసింది వాళ్ళ మనుషులే. ఏప్రిల్‌లో వేశారు, జులై వానలకి బాల్కనీ వైపు పలకల అంచులు పైకి లేచాయి. మిగిలిన ముక్క తీసి చూస్తే పైపొర కాగితం మందాన ఉంది. అడిగితే "బిల్లులో ఓక్ ఫినిష్ అనే రాశాం, తడిగుడ్డ పెట్టి మీరే పాడు చేసుకున్నారు, నో రిటర్న్" అంటున్నారు. చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట, ఆ మిగిలిన ముక్కని ఎవరికీ ఇవ్వకండి, పారేయకండి. షోరూమ్ వాళ్ళు వచ్చి "చూసి చెప్తాం ఇవ్వండి" అన్నా ఇవ్వొద్దు, కావాలంటే మీ ఇంట్లోనే, మీ ముందే చూసుకోమనండి. మీ కేసు మొత్తానికి దాన్ని మించిన సాక్ష్యం లేదు. పలక అడ్డంగా కోసిన చోట పైపొర ఎంత, కింద ప్లైవుడ్ ఎంత అన్నది కంటికి కనిపిస్తుంది. వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిచి, పక్కన స్కేలు పెట్టి, వెలుతురులో నాలుగు ఫొటోలు తీయండి. 4 ఎంఎం అని చెప్పిన చోట అర ఎంఎం ఉందంటే ఇంక మాటలతో వాదించాల్సింది పెద్దగా ఏమీ ఉండదు.

ఇప్పుడు బిల్లు సంగతి. ఓక్ అంటే ఓక్ చెక్క, ఓక్ ఫినిష్ అంటే ఓక్‌లా కనపడేది, వాళ్ళు పట్టుకున్నది ఈ ఒక్క మాటనే. కానీ బేరం కుదిరింది బిల్లు ప్రింట్ అయినప్పుడు కాదు కదా, శాంపిల్ చూసి, వాట్సాప్‌లో వివరాలు తీసుకుని, ఆ మాట మీద మీరు అడ్వాన్స్ ఇచ్చినప్పుడే కుదిరింది. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్‌లో సెక్షన్ 17 శాంపిల్ చూపించి అమ్మే సరుకు గురించే ఉంది, వచ్చిన సరుకు నాణ్యతలో శాంపిల్‌తో సరిపోవాలి, పైపైన చూస్తే తెలియని లోపం కూడా అందులో ఉండకూడదు. సెక్షన్ 15 ఇంకో అడుగు ముందుకెళ్తుంది, శాంపిలూ చూపించి వర్ణనా చెప్పి అమ్మితే సరుకు రెండింటికీ సరిపోవాలి, ఒక్కదానికి సరిపోతే చాలదు. కాబట్టి ఆ వాట్సాప్ మెసేజే మీ వర్ణన. ఆ ఫోన్ మార్చకండి, చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, ఫైల్ చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకి ఇచ్చే సర్టిఫికెట్ జత చేస్తే దాని మీద అభ్యంతరాలకి చోటుండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బాక్స్ మీద చైనా అని ఉందని మోసం అనేసుకుంటారు చాలామంది, అది అన్నిసార్లూ నిజం కాదు. యూరోపియన్ ఓక్ అంటే చెట్టు పేరు, పలక తయారైన దేశం పేరు కాదు. అక్కడి దుంగని తీసుకెళ్ళి ఇంకెక్కడో ప్లైవుడ్ మీద అతికించినా అది యూరోపియన్ ఓక్ కిందే లెక్క. వాళ్ళు "జర్మనీలో తయారైంది" అని రాసిస్తే అప్పుడు వేరే సంగతి. మీ ఫిర్యాదులో చెట్టు జాతి గురించి, పైపొర మందం గురించి మాట్లాడండి, దేశం గోల అనవసరంగా లాగకండి, అది ఓడిపోతే మిగతా రెండూ పలచబడతాయి. ఖాళీ బాక్స్ ఒక్కటి దొరికినా దాచండి, లేబుల్ మీద దిగుమతి చేసుకున్న వాళ్ళ పేరుంటే వాళ్ళని కూడా పార్టీ చేయొచ్చు.

మందం విషయానికొస్తే, ఈఎన్ 13489 అనే యూరప్ ప్రమాణం ప్రకారం ఇలాంటి పొరల పార్కేలో (చెక్క ఫ్లోరింగ్‌లో) పైపొర కనీసం 2.5 ఎంఎం ఉండాలి, అంతకన్నా పలచనివి వెనీర్ (పలచని చెక్క పొర) ఫ్లోరింగ్ అనే వేరే కోవలోకి పోతాయి. అది మన దగ్గర చట్టం కాదు గానీ, అడుగుకి 520 పెట్టి కొన్న సరుకు ఏ తరగతిదో వినియోగదారుల కమిషన్‌కి చెప్పడానికి బాగా పనికొస్తుంది.

అంచులు లేవడం మాత్రం దీనికి సంబంధం లేని రెండో తప్పు, ఈ రెండూ కలిపేస్తే నష్టం మీకే. పైపొర పలచనైతే సరుకులో లోపం, పలకల అంచులు లేస్తే వేసిన పనిలో లోపం అయ్యుండొచ్చు. అంచులు లేచి మధ్యలో గుంటపడింది అంటే మామూలుగా పలక అడుగు భాగం పైభాగం కన్నా ఎక్కువ తేమ తీసుకుందని అర్థం. కింద స్లాబ్ ఆరకుండానే వేసినా, పాలిథీన్ షీట్ పరవకపోయినా, బాల్కనీ గుమ్మం దగ్గర నీళ్ళు లోపలికి దిగినా అలా జరుగుతుంది. తడిగుడ్డ పెడితే నీళ్ళు పైనుంచే కదా పడేది, జాయింట్ల లోంచి దిగిందని వాళ్ళు అనొచ్చు, కాబట్టి మీరు ఒక పని చేయండి, లేచిన చోట గోడ పక్కన ఒక అడుగు స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) మాత్రం మెల్లగా ఊడదీయించి వీడియో తీయండి. చెక్క తేమకి వ్యాకోచిస్తుంది కాబట్టి గోడకీ పలకకీ మధ్య దాదాపు 10 ఎంఎం ఖాళీ వదలాలి. పలక గోడని ఆనుకుని ఉందనుకోండి, అది చీపురు పట్టుకున్న పనిమనిషి తప్పు కాదు, వేసిన వాళ్ళ తప్పే. అక్కడే అంచు కింద షీట్ ఉందో లేదో కూడా కనపడుతుంది. వేసిన వాళ్ళూ వాళ్ళ మనుషులే, డబ్బులూ వాళ్ళే తీసుకున్నారు కాబట్టి "కార్పెంటర్ తప్పు" అని తప్పించుకోవడానికి దారి లేదు. అంతకు మించి ఏమీ పీకకండి, ముఖ్యంగా ఎవరో చెప్పారని పైన సాండింగ్ కొట్టించకండి, అంత పలచని పొర అరిగి అడుగు ప్లైవుడ్ బయటపడుతుంది, సాక్ష్యమూ పోతుంది.

చీటింగ్ కేసు అడిగారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఇవ్వకూడదని కాదు. కానీ మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, స్టేషన్‌లో "ఇది సివిల్ మేటర్ అమ్మా" అని పంపించేసే అవకాశమే ఎక్కువ, ఒకవేళ కేసు నడిచినా మీ 4,23,750 వెనక్కి రావడానికి అది దగ్గరి దారి కాదు. మీకు కావాల్సింది డబ్బు, ఇల్లు బాగవడం, దానికి వినియోగదారుల కమిషన్ సరైన చోటు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్‌లో వేయాలి, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. బిల్లు కింద ఫలానా ఊరి కోర్టే అని ఏం రాసున్నా సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే వేసుకోవచ్చు, అంటే మీకు రంగారెడ్డి జిల్లా కమిషన్. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ ఫైల్ చేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్ళు, అయినా చివరిదాకా ఆగకండి, ఇంకో వానాకాలం గడిస్తే ఏది ఎప్పటి నష్టమో తేల్చడం కష్టం. "నో రిటర్న్" అని అచ్చేసినంత మాత్రాన లోపమున్న సరుకు మీద మీ హక్కు పోదు.

చాలామంది ప్రాడక్ట్ లయబిలిటీ (సరుకు వల్ల జరిగిన హానికి బాధ్యత) కింద వేయమని సలహా ఇస్తుంటారు, మీకు అది వద్దు, ఆ అధ్యాయంలో హాని అంటే ఆ సరుకుకే కలిగిన నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు. మీరు సరుకులో లోపం, సేవలో లోపం, అనుచిత వ్యాపార పద్ధతి, ఈ మూడూ రాయండి. సరుకు పరీక్ష అవసరమైతే కమిషన్ సెక్షన్ 38 కింద సీల్ వేసిన నమూనాని ల్యాబ్‌కి పంపిస్తుంది. చెక్క జాతి గుర్తింపు బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో చేస్తారు, ఫిర్యాదుతో పాటే ఆ పరీక్ష కోరుతూ ఒక పిటిషన్ వేసేయండి. అవతలి వాళ్ళకి జవాబు వేయడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15, ఆ 45 దాటితే తీసుకోరు, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లోనే తేల్చి చెప్పింది. పరీక్ష ఉన్న కేసులు 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, నిజంగా అంతకన్నా చాలా ఎక్కువే పడుతుంది, దానికి మనసు సిద్ధం చేసుకోండి.

అన్నిటికన్నా ముందు 15 రోజుల గడువుతో ఒక నోటీసు స్పీడ్ పోస్ట్‌లో పంపండి, అదే రోజు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. నోటీసులో కోపం వద్దు, తేదీలు, కొలతలు, ఫొటోలు చాలు. మొత్తం డబ్బు, వడ్డీ, పాతది పీకే ఖర్చు, కొంత నష్టపరిహారం అడగండి, యాభై లక్షలు అడిగితే భయపడతారని ఎవరన్నా చెప్తే వినకండి, మీ మాటకున్న విలువ అక్కడే తగ్గిపోతుంది.

మీలాగే బిల్డర్ వేసిచ్చిన ఫ్లోరింగ్ పాడైందని అడిగే వాళ్ళుంటారు, వాళ్ళకి దారి వేరు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14 ప్రకారం పొసెషన్ తీసుకున్న ఐదేళ్ళలోపు పనితనంలో, నాణ్యతలో లోపం చూపిస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి.

ఇంకా కొనబోయే వాళ్ళు మాత్రం అడ్వాన్స్ ఇచ్చే ముందు కొటేషన్‌లో ఒకే ఒక లైను రాయించుకోండి: చెట్టు పేరు, పైపొర ఎన్ని ఎంఎం, మొత్తం ఎన్ని ఎంఎం, వేసేముందు స్లాబ్ తేమ చూసే బాధ్యత ఎవరిది. పక్కన వాళ్ళ సంతకం, స్టాంపు. శాంపిల్ ముక్క వెనక కూడా తేదీ వేసి సంతకం పెట్టించుకుని ఇంటికి తెచ్చుకోండి. ఆ లైను రాయడానికి షోరూమ్ వాళ్ళు వెనకాడితే అక్కడ కొనకండి.