ఫార్మలిన్‌లో ఉన్న కోతి మెదడులో ఇనుము, రాగి, జింక్ మ్యాప్ చేయొచ్చా?

మీరు అడిగింది: తిరుపతిలో పీహెచ్‌డీ, ఏళ్లుగా ఫార్మలిన్‌లో ఉన్న మాకాక్ మెదడు అర్ధభాగం, లేజర్ అబ్లేషన్ ఐసీపీ-ఎంఎస్‌తో (లేజర్‌తో కణజాలాన్ని చుక్కచుక్కగా లేపి, మండే ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపి, అణువుల బరువును బట్టి లోహాలను లెక్కించే మిషన్) మూడు లోహాల మ్యాప్.

ఇనుము వరకు చేయండి. జింక్, రాగి అంకెలు మాత్రం ఆ ముక్క నుంచి రాయకండి. ఇనుము చాలావరకు ఫెరిటిన్ అనే, ఇనుమును దాచుకునే ప్రోటీన్‌లో కూరుకుని ఉంటుంది కాబట్టి కొంత పోయినా ఆకారం నిలుస్తుంది. వదులుగా ఉండే జింక్ ఫార్మలిన్‌లోకి, ఆ తర్వాత గడ్డకట్టించే ముందు నానబెట్టే సుక్రోజ్ (చక్కెర) నీళ్లలోకి దిగిపోతుంది. హిప్పోక్యాంపస్‌లో (జ్ఞాపకాలకు సంబంధించిన భాగం) మాసీ ఫైబర్లనే, జింక్ ఎక్కువున్న నరపోగుల దారి జింక్ మ్యాప్‌లో వెలగాలి. వెలగలేదంటే కడుక్కుపోయినట్టే.

జింక్, రాగి కావాలంటే ఫార్మలిన్‌లో వేయకుండా గడ్డకట్టించిన మెదడే కావాలి. అది అనుమతులున్న ప్రైమేట్ కేంద్రం నుంచి రావాలి. ఘాట్ రోడ్డులో బండి కింద పడిన కోతిని ముట్టుకోకండి: అటవీశాఖ చిక్కు ఒకటి, రేబిస్, హెర్పిస్-బి (కోతుల నుంచి సోకే ప్రమాదకర వైరస్) భయం ఇంకొకటి. చేయి తిరగడానికి మటన్ కొట్లో దొరికే మేక మెదడు చాలు.

స్టాండర్డ్‌లకూ (లోహం ఎంతుందో ముందే తెలిసిన, పోల్చుకునే ముక్కలు) ఆ మేక మెదడే. హోమోజెనైజర్ ప్లాస్టిక్ ప్రోబ్‌తో (రుబ్బే మొన) మెత్తగా చేసి, లోహ ద్రావణం తక్కువ నుంచి ఎక్కువకు నాలుగైదు మోతాదుల్లో కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో బుడగలు పోగొట్టి గడ్డకట్టించండి. నమూనాలాగే 30 మైక్రాన్లకు కోయండి. ఏమీ కలపని ముక్కలోనూ ఇనుము ఉంటుంది, సున్నా అనుకోవద్దు. ప్రతి మోతాదులో కొంత నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి అసలు అంకె తేల్చుకోవాలి.

మన ఎర్రమట్టి దుమ్ముతో జాగ్రత్త. స్లైడ్లు మూత పెట్టిన డబ్బాలోనే ఆరాలి. మిషన్‌లో టైటానియం, క్రోమియం కూడా కొలిచేలా చానళ్లు పెట్టుకోండి: ఇనుము చుక్క మీదే టైటానియం కూడా పడితే అది దుమ్ము, క్రోమియం పడితే స్టీలు బ్లేడు. ఈ రెండు చానళ్లు లేని మ్యాప్‌ను నేనైతే నమ్మను.

ఇనుము 56 (అణుభారం) దగ్గర అంతే బరువున్న ఆర్గాన్-ఆక్సిజన్ జంట అడ్డొస్తుంది, అలాంటి జంటలను వాయువుతో వడకట్టే కొలిజన్ సెల్‌లో హైడ్రోజన్ కానీ హీలియం కానీ తప్పనిసరి. రాగి 63 మీద ఆర్గాన్-సోడియం పడుతుంది, సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో నానిన ముక్కలో ఇంకా ఎక్కువ. రాగి 65 ఐసోటోప్‌తో సరిచూసుకోండి.

బుకింగ్‌కి ముందే టైమ్ లెక్క వేయండి. 40 × 30 మిల్లీమీటర్ల సెక్షన్‌ని 40 మైక్రాన్ల లేజర్ స్పాట్‌తో (చుక్క వెడల్పు), సెకనుకు 80 మైక్రాన్ల వేగంతో గీస్తే 750 గీతలు, గీతకు 500 సెకన్లు, మొత్తం 104 గంటలు. అంతసేపు ప్లాస్మా ఒక్కతీరుగా ఉండదు. 100 మైక్రాన్ల స్పాట్, 200 వేగం పెడితే 17 గంటల లోపే అయిపోతుంది. స్టాండర్డ్‌ని మొదట్లో, మధ్యలో, చివర్లో కాల్చండి. సన్నటి స్పాట్‌ని హిప్పోక్యాంపస్‌కే దాచుకోండి.

అంకె సరైనదో కాదో గ్లోబస్ పాలిడస్ (మెదడు లోపల ఇనుము బాగా ఉండే భాగం) చెబుతుంది. పెద్దవయసు మనిషిలో అక్కడ ఇనుము 100 గ్రాముల పచ్చి కణజాలానికి సుమారు 20 మిల్లీగ్రాములు, కార్టెక్స్‌లో (మెదడు పైపొర) అంతకన్నా చాలా తక్కువ. కోతిలోనూ పాలిడస్‌దే పైచేయి కావాలి, కానీ ఆ ఇనుము వయసుతో పేరుకుంటుంది. ముందు ఆ జంతువు వయసు రికార్డు వెతకండి. పిల్లకోతిదైతే పాలిడస్ అంతగా వెలగదు, తప్పు మిషన్‌ది కాదు.